పీనుగుల పాలైన ఫ్రెంచి సెంటు

ఫిలోమినా దగ్గర ఫ్రెంచి సెంటు బుడ్డి ఉన్న సంగతి ఊరికి తెలియకపోయి ఉంటే ఆవిడకు సగం తలనొప్పులు తప్పేవి. కానీ మా రెంటచింతలలో ఎవరి పెట్టెలో ఏముందో వాళ్ళకంటే ముందు పక్కింటివాళ్ళకు తెలుస్తుంది. అందులోనూ అది సెంటాయె. బిరడా బిగించి, దానికి మైనం పూసి, పాత చీర గుడ్డలో చుట్టి, ట్రంకుపెట్టె అడుగున పెట్టి తాళం వేసినా సరే, ఎప్పుడైనా చీర కోసం ఆ పెట్టె తీసిందంటే వీధి చివర కూర్చున్నవాళ్ళు కూడా ముక్కులు ఎగబీల్చి “ఫిలోమినా పెట్టె తీసింది” అనేవాళ్ళు. ఇలాంటి ఊళ్ళో ఆడది ఏం దాచుకుంటుంది, ఎక్కడ దాచుకుంటుంది?

ఆమె మా వీధి కోడలు. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే గుంటూరులో కన్యాస్త్రీల దగ్గర పెరిగింది. వయసు వచ్చాక వాళ్ళే పుదుచ్చేరిలో ఒక ఫ్రెంచి దొరగారింట ఆయాగా కుదిర్చి పంపారు. అక్కడ పిల్లల్ని ఆడించేది, పొద్దునపూట దొరసానికి జుట్టు దువ్వేది. దువ్వించుకుంటూ ఆ తల్లి ఊరికే కూర్చునేది కాదు. వచ్చీరాని అరవంలో తన దేశపు రాజుల కథలు చెప్పేది. ఆ కథల్లోదే ఈ సెంటు.

వెనకటికి ఫ్రాన్సులో ఒక రాజు ఉండేవాడట. ఆయన కొలువులో రోజుకో రకం సెంటు వాడాలని కట్టుబాటట. చేతి తొడుగులకు సెంటు, విసనకర్రలకు సెంటు, కుర్చీల గుడ్డలకు సెంటు. విందులప్పుడు పావురాల రెక్కలు సెంటులో ముంచి భోజనాల మీద ఎగరేసేవాళ్ళట. ఆ రాజుకు మనసైన ఒకావిడ ఉండేదట. పట్టపురాణి కాదు కానీ, పట్టపురాణి కన్నా ఆమె మాటే ఎక్కువ చెల్లేది. ఆమె నడిచి వెళ్ళిన దారి చాలాసేపటి దాకా ఘుమఘుమలాడుతూనే ఉండేదట. ఆ కొలువును తలుచుకుంటూ పారిస్ నగరంలో ఒక కంపెనీవాళ్ళు కలిగినింటి ఆడవాళ్ళ కోసం ఈ సెంటు తయారు చేశారు. పలకలు చెక్కిన గాజు బుడ్డి, గాజు బిరడా, ముందు వైపు బంగారు రంగు కాగితం. ఆ కాగితం మీద గోపురమంత జుట్టు, గాదెంత గౌను ఉన్న దొరసాని బొమ్మ. కంపెనీ పెట్టిన పేరు ఫిలోమినాకు తప్ప మాలో ఎవరికీ నోరు తిరగలేదు. అందుకని ఊరంతా రాణి సెంటు అన్నారు.

ఈ కథ ఆవిడ బావి దగ్గర ఆడవాళ్ళకు ఎంతో ఇష్టంగా చెప్పింది. వాళ్ళు అడిగింది ఒక్కటే.

“ఏందే, అంత సెంటు దేనికి? నీళ్ళు పోసుకోరా వాళ్ళు?”

“పోసుకోరంట అత్తా. నీళ్ళు ఒంటికి పడవనుకునేవాళ్ళంట.”

“ఛీ, పాడు మంద!” అని తేల్చేసి బిందెలెత్తుకుని వెళ్ళిపోయారు. కొలువులు పోయాయి, పావురాలు పోయాయి, స్నానాలు లేని సంగతి ఒక్కటి మిగిలింది.

జర్మనీవాళ్ళు ఫ్రాన్సును పట్టుకున్న ఏడాది దొరగారి కుటుంబం పుదుచ్చేరిలో ఇల్లు ఎత్తేసింది. వెళ్ళేరోజు దొరసాని తను సగం వాడుకున్న ఆ బుడ్డి ఫిలోమినా చేతిలో పెట్టి, “మనసు బాగున్న రోజు చూసి పూసుకో, ఏడుపు రోజుల్లో ముట్టుకోకు” అని చెప్పిందట. ఫిలోమినా దాన్ని బట్టల మధ్య పెట్టుకుని గుంటూరు వచ్చింది. మరుసటి ఏడు కన్యాస్త్రీలే సంబంధం చూసి మా ఊరి శౌరికి ఇచ్చి పెళ్ళి చేశారు. శౌరి నాపరాళ్ళ గనిలో రాయి కొట్టేవాడు. నెమ్మదైన మనిషి.

పెళ్ళయిన కొత్తలో ఆవిడ ఆ సెంటు రెండు చుక్కలు చెవుల వెనక రాసుకుని ఆదివారం చర్చి పూజకు వెళ్ళింది. గుడిలో ఆడవాళ్ళ వైపు గుసగుసలు లేచాయి. ఇంటికి రాగానే అత్తగారు రాజమ్మ గుమ్మంలోనే పట్టుకుంది.

“ఏమే, సంసారం చేసుకునేదానివా, నాటకాలాడేదానివా? సెంటు కొట్టుకుని గుడికి పోతావా? నలుగురిలో నా తల తీసేశావు గదే!”

“మంచి వాసనే గదా అత్తా. చెడ్డ వాసనైతే తప్పు.”

“ఆడదాని దగ్గర చెమట వాసన రావాల. పని చేసినట్టు తెలవాల.”

ఇదీ రాజమ్మ న్యాయం. ఆ రోజుతో బుడ్డి పెట్టెలోకి వెళ్ళింది. శౌరికి మాత్రం ఆ వాసన చాలా నచ్చింది. తల్లి ముందు నోరు మెదిపే రకం కాదు కాబట్టి అప్పట్లో చెప్పలేదు. నలభై రెండులో యుద్ధం కోసం రోడ్లు వేసే దళంలోకి మనుషుల్ని తీసుకుంటుంటే, రాయి కొట్టడం వచ్చినవాడని శౌరిని కూడా తీసుకున్నారు. అస్సాం పంపుతున్నారు. స్టేషన్లో బండి కదిలేముందు కిటికీలోంచి వంగి ఆవిడకు మాత్రమే వినపడేలా చెప్పాడు.

“నేను తిరిగొచ్చిన రోజున ఆ సెంటు పూసుకుని ఈడికే రా. ఎంత జనం ఉన్నా సరే, వాసన పట్టుకుని నీ దగ్గరికొచ్చేస్తా.”

పెళ్ళాంతో ఆ మనిషి అలాంటి మాట అనడం అదే మొదలు. ఫిలోమినాకు ఆ మాటే సర్వస్వం అయిపోయింది. వచ్చిన రోజుకు బుడ్డిలో సెంటు ఉండాలి. ఆవిడ కోరింది అంతే. పొలం అడగలేదు, నగ అడగలేదు. ఆ కాస్తా ఉంచనిచ్చామా మేము?

మా ఊరి ఎండ సంగతి పక్క ఊళ్ళవాళ్ళను అడిగినా చెబుతారు. రోహిణి కార్తెలో మనిషి పోతే మధ్యాహ్నం దాటి ఇంట్లో ఉంచడం కష్టం. ఆడపిల్లలు దూరాల నుంచి రావాలి, వాళ్ళు వచ్చేదాకా శవప్పెట్టె మూయరు. అందుకని శవానికి స్నానం చేయించి, కొత్త గుడ్డ కట్టాక సెంటు చల్లడం మా క్రైస్తవుల ఇళ్ళలో ఆనవాయితీ. ఆ సెంటు నరసరావుపేట నుంచి వచ్చే అత్తరు సాయిబు మీరా సాహెబ్ దగ్గర కొనేవాళ్ళు. యుద్ధంతో అదీ ఆగిపోయింది. నలభై మూడు ఎండాకాలం వచ్చేసరికి సాయిబు ఖాళీ పెట్టె చూపించి, “అత్తరు తీసే కన్నోజు నుంచి సరుకు రావడం లేదమ్మా, నా ఒంటికి రాసుకోడానికే లేదు” అని వెళ్ళిపోయాడు.

ఆ రోహిణిలోనే ఫిలోమినా మామగారు పోయాడు. మంచివాడు. కోడలిని పల్లెత్తు మాట అనలేదు. నడికుడిలో ఇచ్చిన కూతురు వచ్చేసరికి పొద్దు వాలుతుంది. మధ్యాహ్నానికే చుట్టాలు ముక్కులకు పైటలు అడ్డం పెట్టుకుంటున్నారు. అప్పుడు రాజమ్మ ఏడుపు ఆపి కోడలి వైపు తిరిగింది.

“ఏమే, నీ పెట్టెలో ఉందిగా. తీసుకురా.”

ఫిలోమినా వెంటనే తెచ్చింది. మామగారి కోసమే కదా, నాలుగు చుక్కలు తను చల్లి దాచుకుందామనుకుంది. రాజమ్మ బుడ్డి లాక్కుని తల మీద, గుండెల మీద, పాదాల మీద ధారాళంగా పోసింది. కోడలు పూసుకుంటే తల తీసేసినట్టయిన మనిషి, మొగుడి శవం మీద సగానికి సగం ఒంపేసింది! ఇల్లంతా ఘుమఘుమలాడింది. పైటలు కిందికి దిగాయి. వాకిట్లో ఉన్నవాళ్ళు కూడా లోపలికి వచ్చి ఊపిరి పీల్చుకుని, “రాజులాగా పోతన్నాడు” అన్నారు. ఫిలోమినా బతుకులోకి శని వచ్చింది ఆ మాటతోనే.

వారం తిరక్కుండా ఇంకో చావు. ఉపదేశి దానయ్య వచ్చి నిలబడ్డాడు. ఫాదరుగారు పల్లెలు తిరుగుతున్నప్పుడు ప్రార్థనలు నడిపేది ఆయనే. మాట నెమ్మదిగా ఉంటుంది కానీ పట్టుకుంటే వదలడు.

“అమ్మాయ్, నాలుగు చుక్కలు.”

“బాబాయ్, అది ఆయన వచ్చిన రోజు కోసం దాచుకున్నానయ్యా.”

“శవం కాడ కాదనకూడదమ్మా.”

ఏడుస్తున్న ఇంటి నుంచి వచ్చిన మనిషికి లేదని ఎలా చెప్పడం? ఇచ్చింది. ఆ తర్వాత అది హక్కు అయిపోయింది. మీ మామకు పోశావు, మా నాన్నకు పోయవా? వాళ్ళమ్మకు తలకూ పాదాలకూ చల్లావు, మా అమ్మకు తలకేనా? వాళ్ళకంటే మేం ఏం తక్కువ? పెళ్ళి భోజనంలో వడ్డన తగ్గినట్టు చావు ఇళ్ళల్లో సెంటు తగ్గిందని అలిగేవాళ్ళు. మా జనం సిగ్గులేనితనం ఇప్పుడు తలుచుకుంటే కూడా నాకు ఒళ్ళు మండుతుంది. బతికి ఉండగా మంచినీళ్ళు ఇవ్వని కొడుకులు ఫ్రెంచి సెంటు కోసం ఫిలోమినా గుమ్మంలో కూర్చునేవాళ్ళు.

ఒకసారి ఆవిడ బుడ్డి ఖాళీ అయిందని చెప్పి చూసింది. పక్కనే ఉన్న రాజమ్మ ఊరుకుందా? “అబద్ధమాడమాకే, పాపం! పొద్దున పెట్టె తీస్తే గుప్పున కొట్టింది గదా” అని తనే తెచ్చి ఇచ్చింది. సెంటు ఉన్న ఇల్లని ప్రతి చావులోనూ రాజమ్మకు ముందు చాప వేస్తున్నారు మరి. ఆ మర్యాద వదులుకుంటుందా?

ఇంకోసారి ఫిలోమినా తెలివిగా చేద్దామనుకుంది. చిన్న గిన్నెలో కాస్త సెంటు వేసి దాన్నిండా నీళ్ళు పోసింది. ఆ నీళ్ళు పడగానే సెంటు పాలలా తెల్లబడిపోయింది. ఆవిడ దొరికిపోయాననుకుంది. చావింటివాళ్ళు ఆ గిన్నెలోకి తొంగిచూసి, పోయినవాడు ఎంత నిర్మలమైన మనిషో దేవుడు చూపిస్తున్నాడని చేతులు జోడించారు. నిజానికి పోయిన ఆ మనిషి ఊరందరి పొలం గట్లూ జరిపినవాడు. ఆ రోజు నుంచి తెల్లబడితే మోక్షం, తెల్లబడకపోతే అనుమానం. అందరికీ తెల్ల సెంటే కావాలి. నెత్తిన నోరు పెట్టుకుని అరిచినా వినేవాడు లేడు.

దానయ్య దీనికి వాక్యం కూడా కుదిర్చాడు. ఈస్టరు ముందు వారంలో ప్రభువు పాదాల మీద ఒక స్త్రీ ఖరీదైన పరిమళ తైలం పోసిన సంగతి చదువుతారు. అది నా సమాధి కోసమే చేసిందని ప్రభువు మెచ్చుకుంటాడు. దానయ్య అదంతా వివరించి, గుడిలో అందరి ముందూ ఫిలోమినా వైపు చెయ్యి చూపించి, మంచి సెంటు ఉన్నది భూస్థాపన కోసమేనని చెప్పాడు. అందరి తలలూ ఆవిడ వైపు తిరిగాయి. పూజ అయ్యాక ఫిలోమినా మెట్ల దగ్గర ఆయన్ను ఆపింది.

“బాబాయ్, ఆమె పోసింది బతికున్నాయన కాళ్ళకా, శవానికా?”

దానయ్య గొడుగు కోసం చెయ్యి చాపాడు. “బతికున్నాయనకే.”

“మరి నన్నెందుకు చంపుకుతింటారయ్యా పీనుగుల కోసం?”

“అట్టా తర్కించకూడదమ్మా” అని ఆయన గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇక దాచి లాభం లేదని ఆవిడ చివరి అస్త్రం తీసింది. బుడ్డి మీది బొమ్మ ఎవరో పునీతురాలని మా వాళ్ళలో కొందరికి నమ్మకం ఉండేది. ఒకరిద్దరు ముసలమ్మలు ఆ కాగితాన్ని కళ్ళకు అద్దుకునేవాళ్ళు కూడా. తర్వాతి చావుకు దానయ్య రాగానే ఫిలోమినా బుడ్డి ఆయన ముందు పెట్టి, ఈమె పునీతురాలు కాదు, పట్టపురాణి కాదు, రాజు ఉంచుకున్న మనిషి, ఆ కొలువులో ఆటలకూ పాటలకూ పూసుకున్న సెంటు ఇది, దీన్ని మీ చనిపోయినవాళ్ళ మీద చల్లుతారా అని అడిగింది. ఇక జన్మలో రారనుకుంది. దానయ్య బొమ్మను కాసేపు చూశాడు.

“పాపం, పశ్చాత్తాపపడే ఉంటుందిలే. నాలుగు చుక్కలియ్యి, పెట్టె మూసే యాళయింది.”

ఇలాంటి ఊరితో ఎవరు వాదించగలరు? ఆ సాయంత్రం ఆవిడ మా ఇంటి అరుగు మీద కూర్చుని ఏడ్చింది. “పావురాలకు సెంటు పూసే రాజు పిచ్చోడనుకున్నా. ఆయనే నయం, బతికున్నవాటికి పూశాడు” అంది.

బుడ్డిలో తగ్గుతున్నది కనిపిస్తూనే ఉంది. కానీ తగ్గడం కన్నా పెద్ద ఆపద ఇంకొకటి ఉందని ఆవిడకు నలభై అయిదులో తెలిసింది. గురజాలలో ధనుంజయరావుగారని మోతుబరి ఉండేవాడు. ఆయన భార్య హైమావతిగారు కూతురి పెళ్ళి పెట్టుకుని, రెంటచింతలలో ఒక ఆయా దగ్గర అసలైన ఫ్రెంచి సెంటు ఉందని ఎవరో చెబితే బండి పంపించింది. బతికున్న మనిషి, అందులోనూ పెళ్ళికూతురు, ఆ సెంటు అడగడం అదే మొదటిసారి. ఫిలోమినాకు ఎంత సంతోషమో! శౌరి కోసం కాస్త ఉంచుకుని, కొంత ఇవ్వడానికి తనే బుడ్డితో వెళ్ళింది. హైమావతిగారు చేతి రుమాలు చాపితే దాని మీద ఒక చుక్క వేసింది. ఆవిడ వాసన చూసి కళ్ళు మూసుకుంది.

“అబ్బ, ఎంత బాగుందే! రాజుల ఇంట్లో ఉన్నట్టుంది.”

అంతలో వంటింట్లోంచి వచ్చిన పనిమనిషి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమెది మా ఊరే.

“అమ్మగారూ, పారెయ్యండి దాన్ని! మా ఊళ్ళో పీనుగులకు చల్లే సెంటు అది!”

హైమావతిగారు రుమాలు పాము పిల్లను విదిలించినట్టు విదిలించింది. శుభమా అని పెళ్ళి పెట్టుకుంటే ఇదేం అపశకునమని తిట్టి, ఫిలోమినా నిలబడ్డ చోట పసుపు నీళ్ళు చల్లించింది. ఫిలోమినా ఎండలో నడిచి ఇంటికి వచ్చింది. వస్తూ దారిలో బిరడా తీసి తను కూడా ఒకసారి వాసన చూసిందట. దొరసాని గది గుర్తొస్తుందేమోనని చూసింది. ముందు మామగారు గుర్తొచ్చాడు. తర్వాత వరసగా అందరూ గుర్తొచ్చారు.

నలభై ఆరు ఎండాకాలంలో శౌరి నుంచి కార్డు వచ్చింది. ఫలానా రోజు మాచర్ల బండికి దిగుతున్నాడు. ఆ బండికే మా ఊరి పిల్లలు ఇంకో ఇద్దరు కూడా వస్తున్నారు. ఊరంతా స్టేషనుకు పోవడానికి తయారవుతోంది. బుడ్డి అడుగున బొటనవేలి గోరంత సెంటు మిగిలింది. ఫిలోమినా తెల్లవారే తలస్నానం చేసి, పెళ్ళినాటి చీర కట్టుకుని, ఇంకెవరైనా వచ్చి అడిగేలోపే ఆ కాస్తా తీసి చెవుల వెనక, మెడ కింద, మణికట్ల మీద మొత్తం పూసేసుకుంది. ఇంకా బిరడా పెట్టనేలేదు, గుడిలో చావు గంట మోగింది.

కృపావరం పోయాడట. ఊళ్ళో పెద్ద రైతు, తొంభై ఏళ్ళ మనిషి. ఏడాదిగా మంచంలో ఉన్నవాడు ఆ ఒక్క రోజూ ఆగలేకపోయాడు. కాసేపటికి దానయ్య, వెనకే కృపావరం కొడుకులు వచ్చారు.

“అమ్మాయ్, నాలుగు చుక్కలు.”

“అయిపోయింది బాబాయ్.”

“అయిపోయిందంటావేందే, నీ ఒంటి మీద గుప్పుమంటంది గదా!” అని పెద్ద కొడుకు గుడ్లురిమాడు.

“ఔను, నా ఒంటి మీదే ఉంది. నా సెంటు, నా ఒళ్ళు. నా మొగుడొస్తన్నాడు. మీ నాయన మీద చల్లాలంటే నన్ను పిండుకుపోండి!”

రాజమ్మ నోట్లో పైట కుక్కుకుంది. ఊరి పెద్ద శవానికి కాదని, కోడలు తన ఒంటికి పూసుకుందంటే ఇక తనకు ముందు చాప ఎవరు వేస్తారు? కొడుకులు తిట్టుకుంటూ వెళ్ళారు. దానయ్య గుమ్మం దిగబోయి మళ్ళీ వెనక్కి తిరిగాడు. “పోనీ ఆ బుడ్డిలో కాసిని నీళ్ళు పోసి కుదిపి ఇయ్యగూడదా” అన్నాడు. ఫిలోమినా ఆ బుడ్డి ఎత్తి వాకిట్లో రాయి మీద వేసి కొట్టింది. గాజు ముక్కలు నేలంతా చెదిరాయి. దానయ్య అంత వేగంగా నడవగలడని మాకు ఆ రోజే తెలిసింది.

స్టేషను దారిలో ఆవిడ పడ్డ అవమానం పగవాళ్ళకు కూడా వద్దు. ఎదురైన మగవాళ్ళు తలగుడ్డలు తీసి చేతిలో పట్టుకున్నారు. ఆడవాళ్ళు సిలువ గుర్తు వేసుకున్నారు. ఒక ముసలమ్మ అలవాటు కొద్దీ శోకాలు మొదలుపెట్టి, ఎవరి పేరు చెప్పి ఏడవాలో తెలియక “ఎవరే పోయింది?” అని అడిగింది.

“ఎవరూ పోలా! నేను బతికే ఉన్నా!” అని ఫిలోమినా అరిచింది.

ప్లాట్‌ఫారం మీద ఊరంతా పూలదండలతో నిలబడి ఉంది. ఆవిడ వెళ్ళి ఒక పక్కన నిలబడగానే ఆ పక్కనున్నవాళ్ళు జరిగారు. ఇంకో పక్కకు వెళితే అక్కడివాళ్ళూ జరిగారు. యుద్ధం నుంచి బిడ్డలు తిరిగివస్తుంటే చావు వాసన తెస్తావా అని ఒకామె ముఖం మీదే అంది. తల్లులు పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు. సొంత అత్త రాజమ్మ కూడా వెళ్ళి అటు గుంపులో కలిసిపోయింది. నేనూ ఆ గుంపులోనే ఉన్నాను. ఆ వాసనకు మా అమ్మ శవప్పెట్టె గుర్తొచ్చి నేను కూడా రెండడుగులు వెనక్కి వేశాను. ఫిలోమినా ఎండలో ఒక్కతే నిలబడి, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే తుడుచుకోకుండా, పట్టాల వైపే చూస్తూ ఉంది.

బండి వచ్చింది. శౌరి దిగాడు. మనిషి నల్లబడ్డాడు, చిక్కిపోయాడు. దిగినవాడు దిగినట్టే, తల్లి పిలుస్తున్నా ఆగకుండా, అటూ ఇటూ చూడకుండా, తిన్నగా నడిచి వచ్చి ఫిలోమినా ముందు నిలబడ్డాడు. ఆవిడ ముఖం అప్పుడు చూడాలి! అన్న మాట నిలబెట్టుకున్నాడు మొగుడు. వాసన పట్టుకునే వచ్చాడు. గెలిచానన్నట్టు మా అందరి వైపు ఒక్క చూపు చూసింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆ తర్వాత ఇంట్లో జరిగింది రాజమ్మ చెబితే విన్నదే. సాయంత్రం ఊరంతా కృపావరం వెనక సమాధుల దొడ్డికి వెళ్ళినా, ఆమె మాత్రం కొడుకు కోడలితో ఏం మాట్లాడతాడోనని గోడ పక్కన కూర్చుని ఉంది. ఫిలోమినా అన్నం వడ్డించి, సిగ్గుపడుతూ అడిగిందట.

“ఎట్టా ఉందయ్యా?”

“ఏంది?”

“సెంటు. చివరి చుక్క దాకా పూసుకున్నా.”

శౌరి చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. “నీకు రాయించడానికి మనసొప్పలేదే. అస్సాంలో జరమొచ్చి చానా రోజులు పడుకున్నా. లేచినాక ముక్కు పనిచెయ్యడం లేదు. పూల వాసన, పేడ వాసన ఏదీ తెలవదు. ఇప్పుడీ పులుసు వాసన కూడా తెలవదు.”

ఫిలోమినా నెత్తి కొట్టుకుంది. “ఓరి దేవుడా! దీని కోసమా నేను ఊరందరితో తన్నులాడింది? పీనుగుల నోటికాడ నుంచి లాక్కుని దాచింది ముక్కు లేని మొగుడి కోసమా? ఆ బుడ్డి మీది రాజుగారి మనిషి కూడా నా అంత ఏడ్చి ఉండదు గదయ్యా! మరి ఆ జనంలో నన్ను ఎట్టా పట్టావు? తలెత్తి వెతికినట్టు కూడా లేదే!”

“వెతికే పనేముందే? బండి ఆగకముందే కిటికీలో నుంచి కనపడ్డావు. ఊరంతా ఒక దగ్గర ఒత్తుకుని నిలబడి ఉంది. నువ్వొక్కదానివే నడిమధ్యన, నీ చుట్టూ ఇంత ఖాళీ. రాణిగారికి దారి వదిలినట్టు అందరూ దూరంగా నిలబడి నిన్నే చూస్తన్నారు. నేను లేనప్పుడు నా పెళ్ళాం ఎంత గొప్పదైందిరా అనుకుని తిన్నగా వచ్చేశా.” శౌరి ఆగి, “అంత దూరంగా ఎందుకు నిలబడ్డారంట?” అన్నాడు.

ఆవిడ చెప్పాల్సింది నాలుగేళ్ళ కథ. ఏడుస్తూనే కంచంలో ఇంకాస్త పులుసు పోసింది.

“ముందు అన్నం తిను. చల్లారిపోతంది” అంది.

శౌరి తినలేదు. కంచం పక్కకు జరిపి, ఆవిడను ఆనుకుని కూర్చున్నాడు. మా ఊళ్ళో ఆ సాయంత్రం ఆవిడకు అంత దగ్గరగా కూర్చోగలిగిన మనిషి అతనొక్కడే.